ఇద్దరు దొరలు

కొండకిందపల్లె, ఉదయగిరి దగ్గర
ఫిబ్రవరి 9

అబ్బయ్యా కోటేశ్వర్,

మేము బాగున్నాం, గొర్రెలు బాగున్నాయి, నీ ఉత్తరం వచ్చిన తరువాత అందరం ఇంకా బాగున్నాం.

కాగితానికి రెండు పక్కలా ఎండ గురించి, క్యాంపులో వంటవాడి సాంబారు గురించి రాసి, చిట్టచివర చోటు చాలని మూలలో "ఇక్కడ ఒక అమ్మాయి ఉంది నాయనా" అని రాశావు. అది అన్నింటికంటే ముందు రాయాల్సిన మాట. మీ అమ్మ సాంబారు దగ్గరే విసుగుపడి లేచిపోయింది. వెనక్కి పిలిచి ఆ మూల చదివి వినిపిస్తే, "నిజంగా అట్లే రాసుండాదా, నువ్వు కలిపి చదవతా ఉండావా" అని కాగితం లాక్కుంది. ఆమెకు చదువు రాదు కదా. అయినా ఆ మూలను వేలితో తడిమి చూసి నమ్మింది.

ముప్పై అయిదు దాటిన కొడుక్కి సంబంధం కోసం కొండాపురం నుంచి అనంతసాగరం దాకా నేను తిరగని ఊరు లేదు. "పిల్లోడు బోరు లారీ మీద తిరుగుతాడంట గదా, ఇంటి పట్టున ఉండడంట గదా" అని మంచినీళ్ళిచ్చి సాగనంపేవాళ్ళు. ఇప్పుడు నన్ను పట్టేవాళ్ళు లేరు. పొద్దున్నే ఉదయగిరి వెళ్ళి బస్టాండు టీ కొట్టులో చెప్పాను, మందుల షాపులో చెప్పాను, తిరుగు బస్సులో కండక్టరుకూ చెప్పాను. ఆయన, "సంతోషం పెద్దాయనా, టికెట్టు తీసుకో" అన్నాడు.

ఇంకో సంగతి. ఫోనులో నువ్వు ఒకటంటే నా చెవికి ఇంకోటి చేరుతుందని ఉత్తరాలు రాయమన్నాను. ఉత్తరం వేయడానికి నువ్వు పోస్టాఫీసుకు వెళ్ళావు. ఆ పిల్ల పోస్టాఫీసులోనే పని చేస్తుందంటున్నావు. అంటే నా చెవుడే నీకు పెండ్లి కుదిర్చింది. ఈ మాట పందిట్లో అందరి ముందూ చెప్పాలి.

అడవిలో వాళ్ళకు బోర్లు వేసి నీళ్ళు చూపించడమంటే ఇంతకంటే మంచి పని ఏముంది. మన ఊళ్ళో బోరు లారీ వస్తే పసుపు పూసి కొబ్బరికాయ కొడతాం. నిన్ను అక్కడ కింద నడవనిస్తున్నారో లేదో.

మన మందలో పొట్టేళ్ళు ఎదిగాయి. నీకు తెలియనిదా, తెల్లవాళ్ళు పల్లలు, ముఖాన నల్లమచ్చలున్నవాళ్ళు జోడిపిలు, ఇటుక రంగులో ఉండేవాళ్ళు దొరలు. ఈ ఏడు ఇద్దరు దొరలు తయారయ్యారు, నడిచి వస్తుంటే మండలాఫీసులో అధికారులు వరండాలోకి వచ్చినట్టుంటుంది. మీ అమ్మ, "గొర్రెల్ని వాళ్ళు వీళ్ళు అంటాడు, నన్ను మాత్రం ఏమే అంటాడు" అని సణుగుతోంది.

పిల్ల పేరేమిటి, వాళ్ళ నాయన ఎవరు, ఏం తింటారు, మనల్ని ఏమనుకుంటున్నారు, అన్నీ రాయి. మూలలో రాయకు.

మీ నాయన
గురుస్వామి


వెదురుగుట్ట గూడెం, గోదావరి అవతల
ఫిబ్రవరి 24

నాయనా,

ఈసారి మొదటి వాక్యంలోనే రాస్తున్నాను. ఆమె పేరు ఐతమ్మ. పూనెం వాళ్ళు, కోయలు. ఇక్కడి బ్రాంచి పోస్టాఫీసు ఆమెదే, అంటే ఒక గది, ఒక బల్ల, ఒక ముద్ర. అమ్మను ఇక కూర్చోమను.

మొదటిసారి నీకు రాసిన ఉత్తరం తీసుకొని వెళ్ళినప్పుడు కవరు తిప్పి చూసి, "పిన్ కోడు తప్పు. ఇట్లా వేస్తే మీ నాయనకు కాదు, ఎవరి నాయనకో పోద్ది" అంది. దిద్దుకున్నాను. తరువాత ఉత్తరం లేకపోయినా వెళ్ళి కవర్లు కొనడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళు చూసి అడిగింది: "కొన్న కవర్లు తిరిగి నా డబ్బాలో పడట్లేదు. ఏం చేస్తున్నావు, కూర వండుకుంటున్నావా?" ఆ మాటకు నేను చెప్పిన జవాబు నీకు రాయను. నువ్వు బస్టాండులో చెప్తావు.

వాళ్ళ నాయన ముత్తయ్య గూడానికి పెద్ద. తక్కువ మాట్లాడతాడు. ఇక్కడ పెండ్లి మాట ఎవరి ఇంట్లోదైనా ఊరందరి ముందే విప్పాలంట. చాటుగా అనుకున్న పెండ్లిని పెండ్లిగా ఒప్పుకోరు. వాళ్ళింటికి వెళ్ళాను. చాప వేశారు, నీళ్ళు మాత్రం ఇవ్వలేదు. మన దగ్గర అయితే నీళ్ళిచ్చి పంపేవాళ్ళు, ఇక్కడ ఇవ్వలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనా అని ఐతమ్మను అడిగితే, "కుండ ఖాళీగా ఉందిలే" అంది. అది నిజమో, నన్ను ఊరడించిందో తెలియలేదు.

ఇప్ప చెట్లు ఆకు రాలుస్తున్నాయి. ఇంకొన్నాళ్ళకు పువ్వు పడుతుంది. తెల్లవారుజామున ఊరు ఊరంతా గంపలతో అడవిలోకి వెళ్ళి ఏరుకుంటారు. ఏ చెట్టు ఎవరిదో తాతల నాటి నుంచి అందరికీ తెలుసు, ఒకరి చెట్టు కింద ఒకరు వంగరు. ఎండబెట్టి అమ్ముకుంటారు, తింటారు, సారా కాచుకుంటారు కూడా. ఆ చివరి మాట అమ్మకు చదవకు.

పని మామూలే.

నీ కొడుకు
కోటేశ్వర్


ఆత్మకూరు, మీ మామ ఇంటి నుంచి
మార్చి 8

అబ్బయ్యా,

ఐతమ్మ పేరు మా ఇద్దరికీ నోరు తిరిగింది. మీ అమ్మ గొర్రెపిల్లలను అదిలించేటప్పుడు కూడా ఆ పేరే వచ్చేస్తోంది.

సంతకు ఆత్మకూరు వచ్చి, మీ మామ వెంకటరమణయ్య దగ్గర దిగాను. నీ ఉత్తరం ఆయనకూ చదివి వినిపించాను. నాకంటే చెవులు బాగా పని చేసే మనిషి కదా, చివరి ముక్క దగ్గర పట్టుకున్నాడు.

"బావా, కవర్ల గురించి ఇంత రాసినాడు. నీళ్ళెంత పడినాయో రాయలేదే?"

"పని మామూలే అని రాసినాడు గదా."

"బోరు పని నా లారీ మీద నేర్చుకున్నోడు వాడు. నీళ్ళు పడితే చెప్పకుండా ఉండడు, పడకపోతే తిట్టకుండా ఉండడు. మామూలు అనేది ఏంది బోరులో? అక్కడ వేసేది నీళ్ళకు కాదు బావా, బొగ్గుకు. ఎంత లోతున బొగ్గుండాదో పొడిచి చూస్తారు. ఉంటే అడవి కొట్టేసి తవ్వుతారు."

నేను నీ పక్షాన చాలాసేపు వాదించాను. తరువాత నీ పాత ఉత్తరాలన్నీ మనసులో తిప్పి చూసుకుంటే, నీళ్ళు అని నువ్వు ఎక్కడా అనలేదు. అన్నదంతా నేనే. వేరుశనగ చేలో పడి వచ్చిన పొట్టేలు ఏమీ ఎరగనట్టు గోడకేసి చూస్తుంది చూడు, నీ ఉత్తరం అట్లా ఉందిరా. కోప్పడటం లేదు. ఉదయగిరిలో అందరికీ నీళ్ళని చెప్పాను, ఇప్పుడు టీ కొట్టు వైపు పోవడానికి సందు వెతుక్కోవాలి, అంతే. బొగ్గో నీళ్ళో నువ్వే రాయి.

ఏదైనా పెండ్లి ఆగకూడదు. వియ్యంకుడికి విడిగా ఒక కాగితం రాసి ఇందులోనే పెట్టాను. ఆయన చేతిలో పెట్టు. చాటుగా అనుకోరని చెప్పావు కాబట్టి ఊరందరూ విన్నా సిగ్గుపడే మాట అందులో ఒక్కటీ లేదు. మీ మామ కూడా చూసి బాగుందన్నాడు.

మీ నాయన

(ముత్తయ్య గారికి)

వియ్యంకుల వారికి ఉదయగిరి గురుస్వామి దండాలు. మీ పిల్లను మా ఇంటికి అడుగుతూ వట్టి చేతులతో ఉండలేక, మా తరఫున ఇద్దరు దొరలను మీ ఊరికి పంపుతున్నాను. పెద్ద దొర కోపిష్టి, కొత్తవాళ్ళు అడ్డం నిలబడితే ఓర్చుకోడు. చిన్న దొర నెమ్మదస్తుడు, ఎవరు ఏం పెట్టినా తింటాడు. ఇద్దరినీ మీ అడవిలో స్వేచ్ఛగా తిరగనివ్వండి, తమకు పనికొచ్చేది ఏదో వాళ్ళే చూసుకుంటారు. వాళ్ళు ఒకసారి మీ ఊళ్ళో అడుగుపెట్టారంటే ఇక మన పనికి అడ్డు ఉండదు. మర్యాదకు లోటు రానీయకండి.


వెదురుగుట్ట గూడెం
మార్చి 27

నాయనా,

నీ దొరలు ఇంకా బయలుదేరనే లేదు, ఇక్కడ అప్పుడే పని మొదలుపెట్టేశారు.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. బొగ్గే. నువ్వు నీళ్ళనుకున్నావు, సంతోషపడ్డావు, నాకు దిద్దడానికి మనసు రాలేదు. మన ఊళ్ళో లారీకి కొబ్బరికాయ కొడతారన్నావు. ఇక్కడ లారీ వచ్చిన రోజు ఆడవాళ్ళు దారిలో గంపలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. సాయంత్రం దాకా లేవలేదు. మరునాడు వేరే దారిన ఎక్కించాం. లారీ నడిపింది నేనే.

ఇక నీ కాగితం. ముత్తయ్యకు చదువు రాదు. ఊరందరినీ పిలిచి ఐతమ్మ చేత చదివించాడు. నేను ఒక పక్క కూర్చుని ఉన్నాను. ఇద్దరు దొరలు అనగానే చుట్టలు కాలుస్తున్నవాళ్ళు వాటిని నేలకు రుద్ది ఆర్పేశారు. ఇక్కడ దొర అంటే గొర్రె కాదు నాయనా. జీపులో వచ్చి, చెట్ల మీద నంబర్లు వేయించి పోయేవాడు దొర. కోపిష్టి, ఏం పెట్టినా తినేవాడు, అడవిలో పనికొచ్చేది చూసుకునేవాడు, అడుగుపెడితే పనికి అడ్డు లేనివాడు. ఒక్కొక్క వాక్యానికి నా కింద చాప జారిపోతున్నట్టనిపించింది.

ముత్తయ్య లేచాడు. "పిల్లనడగడానికి కంపెనీ దొరల్ని తోలుతుండు మీ నాయన. మా నోరు మూయించి పెండ్లి చేస్తాడన్నట్టు."

"అవి పొట్టేళ్ళు మామా, మా దిక్కున ఎర్రవాటిని దొరలంటారు" అన్నాను.

"ఏం పెట్టినా తింటడని రాసిండు. మేం చూసిన దొరలందరూ గంతే. గొర్రె అంటావేందయ్యా?"

ఐతమ్మ ఒక్కతే నమ్మింది. నమ్మి, పోస్టాఫీసు తలుపు వేసుకొని చాలాసేపు నవ్వింది. నవ్వు ఆగాక బయటికి వచ్చి వాళ్ళ నాయన మాట నాకు చెప్పింది. మా నేలను పొడిచేవాడికి పిల్లనివ్వం అన్నాడంట. నువ్వేమంటావని అడిగాను. "నేను మా నాయనతో వేరే మాట అనను. నీతోనూ అనను. నువ్వు ఏం చేస్తావో చూస్తా" అంది.

కథ అక్కడితో ఆగలేదు. ఇద్దరు దొరలు వస్తున్నారన్న మాట మా సైటు మేనేజరు చెవిన పడింది. పైనుంచి తనిఖీ అనుకున్నాడు. గెస్ట్‌హౌస్‌కు కర్టెన్లు కుట్టిస్తున్నాడు. గొర్రెలు సార్ అని చెప్పాను. "అర్థమైంది కోటేశ్వర్, చెప్పొద్దని నీకు చెప్పుంటారు" అని కన్ను గీటాడు.

మైనింగుకు ఊరి ఒప్పుదల కావాలి. దానికి గ్రామసభ పెట్టాలి. ఇంతకు ముందు పెట్టినవి పువ్వు ఏరుకునే పొద్దున పెట్టారు, మనుషులే రాలేదు. ఈసారీ రాకపోతే అభ్యంతరం లేదని రాసుకుంటామంటున్నారు.

ఏం చేయాలో తోచడం లేదు. ఈ పని తప్ప నాకు వేరే పని రాదు.

కోటేశ్వర్


కొండకిందపల్లె
ఏప్రిల్ 3

అబ్బయ్యా,

నీ బాధ నాకు తెలుస్తోంది. తెలిసినా నవ్వు ఆగలేదు, క్షమించు. మీ అమ్మకు చదివి వినిపిస్తుంటే ఏం పెట్టినా తింటాడు అన్నచోట నాకు దగ్గు పట్టుకుంది. ఆమె నా వీపు మీద చరుస్తూ, "నేను చెప్తానే ఉండా, గొర్రెల్ని మనుషుల మాదిరి అనబాకని. ఇప్పుడు పిల్లోడి పెండ్లికే ఎసరు పెట్టినావు" అంది. చరిచిన చరుపులో దగ్గుకంటే కోపమే ఎక్కువ ఉంది.

నోటితో చెప్తే నమ్మనివాళ్ళకు కంటికి చూపించాలి. అనుమసముద్రంపేట మస్తాన్ వ్యాను మాట్లాడాను. దర్గాకు వచ్చేవాళ్ళను తిప్పే బండే, సీట్లు పీకి గడ్డి పరిపించాడు. నేనూ వద్దామనుకుంటే మీ అమ్మ మోకాలు కదలనివ్వడం లేదు, ఈనే గొర్రెలు కూడా ఉన్నాయి. పద్నాలుగో తారీఖుకు మస్తాన్ అక్కడ ఉంటాడు.

నేను పెద్దగా చదువుకోలేదు, బొగ్గు సంగతి నాకేం తెలుసు. కరెంటు లేకపోతే మా ఇంట్లో కూడా ఫ్యాను తిరగదు. ఒకటి మాత్రం తెలుసు. కొండ మీద మనం మేపుకునే చోట ఎవరో వచ్చి కంచె వేసినప్పుడు, "ఇక్కడ మీదేం పోయింది పెద్దాయనా, ఖాళీ కొండే గదా" అన్నారు. ఖాళీని మేసే మా గొర్రెలు ఇంత లావయ్యాయా అని అడుగుదామనుకునే లోపల జీపు వెళ్ళిపోయింది. ఆ గూడెంవాళ్ళు అడిగే వరకైనా జీపు ఆగితే బాగుండు.

పని మానమనీ చెప్పను, మానొద్దనీ చెప్పను. నువ్వు వేసిన బోరు నేను చూడలేదు, నువ్వు చూశావు. అయితే ఒకటి అడుగుతాను. ఆ పిల్ల నీకు అన్నం వడ్డిస్తుంటే, వాళ్ళ నేల లోపల ఏముందో ఆమెకు చెప్పకుండా తినగలవా? నా వల్ల కాదు. మీ అమ్మ దగ్గర ఏదైనా దాచిన రోజు నాకు ముద్ద దిగదు, ఆమె కనిపెట్టేస్తుంది.

పెద్దవాడికి మెడలో గంట కట్టాను. చిన్నవాడు ప్రయాణం అనగానే ఉషారుగా ఉన్నాడు.

నాయన


వెదురుగుట్ట గూడెం
ఏప్రిల్ 18

నాయనా,

తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. తీరిక ఎందుకు దొరికిందో చివరికి తెలుస్తుంది.

పద్నాలుగో తారీఖని నువ్వు రాసింది క్యాంపుకూ గూడేనికీ పాకింది, దొరలు వచ్చే రోజని మండలాఫీసు నుంచి అధికారి తానే వచ్చాడు. పైవాళ్ళు చూస్తుండగా పని చకచకా జరిగిందనిపించుకోవాలని గ్రామసభ కూడా ఆ మధ్యాహ్నానికే పెట్టించాడు. మేనేజరు బంతిపూల దండలు తెప్పించాడు. గూడెంవాళ్ళు పువ్వు ఏరడం ముగించుకొని, దొరల్ని అడ్డుకోవాలని, ముసలీ ముతకా సహా దారి మీదికి వచ్చారు. ఇంతమంది ఒకచోట చేరడం ఇక్కడికి వచ్చాక నేను చూడలేదు. నేను మధ్యలో నిలబడి ఎటు తప్పుకోవాలో తెలియక బూట్లు చూసుకుంటున్నాను.

మస్తాన్ వ్యాను ఆపి దిగి ఒళ్ళు విరుచుకున్నాడు. మేనేజరు ముందు తలుపు తెరిచి లోపలికి చూశాడు.

"దొరలేరి?"

"వెనకాల ఉండారు సార్."

"వెనకా? వాళ్ళను వెనక ఎక్కించావా?"

"ముందర కూచోబెడితే స్టీరింగు నాకతారు సార్. తోవంతా నిలబడే వచ్చినారు పాపం, కాస్త నీళ్ళు పెట్టించండి."

వెనక తలుపు తీశాడు. పెద్దవాడు గంట మోగించుకుంటూ దిగాడు. అడ్డంగా నిలబడ్డది మేనేజరే. పెద్దవాడు తల వంచగానే ఆయన దండలు వదిలేసి అధికారి వెనక్కి వెళ్ళాడు. చిన్నవాడు నెమ్మదిగా దిగి వచ్చి ఆ బంతిపూలు తినడం మొదలుపెట్టాడు.

ముందు నిలబడ్డ ఒక అవ్వ, "నిజమే రాసిండు మీ నాయన. ఏం పెట్టినా తింటుండు" అంది. గూడెమంతా పగలబడింది నాయనా. కిందపడి నవ్వారు. ముత్తయ్య నవ్వు ఆపుకోవాలని అటు తిరిగాడు, వీపు ఊగుతూనే ఉంది. అధికారి మాత్రం దండలెవరి ఖర్చు అని అడిగాడు.

నవ్వులు తగ్గాక ముత్తయ్య కళ్ళు తుడుచుకొని అధికారి ముందుకు వచ్చాడు. "దొరలొచ్చిండ్రు, ఊరంతా ఉంది. సభ పెట్టండి." ఆయన వాయిదా వేద్దామని చూశాడు. అందరూ కింద కూర్చున్నారు. పెట్టక తప్పలేదు.

చెట్టుకు పరిహారం ఇస్తాం అన్నాడు మేనేజరు. ఇందాకటి అవ్వే అడిగింది: "ఇయ్యి. తెల్లారి పువ్వు ఏడ రాలుద్ది?" ఆయన మాట మార్చాడు. ఇది వట్టి పరీక్ష, బోరు వేసినంత మాత్రాన ఏమీ కాదు, కావాలంటే మా డ్రిల్లరునే అడగండి అని నన్ను చూపించాడు.

ముత్తయ్య నా వైపు తిరిగాడు. అందులో నవ్వు లేదు. "పొడిచినోడివి నువ్వు. లోపల ఏముందో చెప్పు. అబద్ధమాడితే మళ్ళా మా గుమ్మం తొక్కకు."

బోర్లలో ఏం పడిందో బయట చెప్పకూడదని మాకు మొదటి రోజే చెప్పారు. ఐతమ్మ ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే తేలికయ్యేది. చెప్పాను. బొగ్గు ఉంది, మందంగా ఉంది, గూడెం కింద కూడా ఉంది, తవ్వడం మొదలుపెడితే పైన ఇళ్ళు ఉండవు, చెట్లు ఉండవు.

చేతులెత్తమన్నారు. వద్దని ఊరంతా ఎత్తింది. అధికారి రాసుకోక తప్పలేదు. వానలు వెలిశాక మళ్ళీ వస్తాం, అప్పుడు మళ్ళీ అడుగుతాం అని చెప్పి వెళ్ళారు.

మరునాడు మేనేజరు లారీ తాళాలు తీసుకున్నాడు. పని పోయింది. లారీని అవతలి గుట్ట మీదికి తీసుకెళ్ళారు, అక్కడ ఇంకో గూడెం ఉంది. ముత్తయ్య ఆ పొద్దుటికే అక్కడికి మనిషిని పంపాడు.

నాకు మాత్రం ఏ కబురూ లేదు. క్యాంపు ఖాళీ చేయమన్నారు, పోస్టాఫీసు అరుగు మీద పెట్టె పెట్టుకొని కూర్చున్నాను. ఐతమ్మ, "నిన్ను తూచి స్టాంపులు అంటించి పంపాలా?" అంది. మళ్ళీ తన ముద్ర పని చూసుకుంది.

నిన్న తెల్లవారుతుండగా ముత్తయ్య వచ్చి నా ముందు ఒక ఖాళీ గంప పెట్టాడు. "లే" అన్నాడు. వెనకే నడిచాను. అడవంతా తియ్యటి వాసన, ఎక్కడికక్కడ మనుషులు వంగి ఏరుతున్నారు. ఒక పెద్ద ఇప్ప చెట్టు దగ్గర ఆగాడు. "ఇది ఐతమ్మది. పుట్టినప్పుడే ఇచ్చినం. ఏరు." ఒకరి చెట్టు కింద ఒకరు వంగరని నీకు రాశాను కదా. ఆయన నన్ను వంగమన్నాడు.

వంగాను. పువ్వుల మధ్య ఒక ఇనప మేకు, తలకు ఎర్ర రంగు. తరువాతి బోరుకు గుర్తు. జనవరిలో నా చేత్తో నేనే కొట్టాను, అప్పుడు ఆ చెట్టు ఎవరిదో తెలియదు. ఐతమ్మ అవతలి పక్కన ఏరుతూ చూస్తోంది. రెండు చేతులా ఊపి ఊపి పీకాను. ముత్తయ్య దాన్ని తీసుకొని, "ఎద్దును కట్టేసుకోను పనికొస్తది" అని నడుముకు దోపుకున్నాడు.

పువ్వు పడటం అయిపోగానే పెండ్లి. నువ్వు, అమ్మ, మామ ముందుగా రావాలంట.

కోటేశ్వర్

నేను ఐతమ్మను. మామా, దండాలు. దొరలిద్దరూ మా దొడ్లోనే ఉన్నారు. పెద్దాయన పోస్టు డబ్బాను పొడిచాడు, సొట్ట పడింది. పైకి ఏమని రాయాలో మీరే చెప్పండి.


కొండకిందపల్లె
ఏప్రిల్ 29

అబ్బయ్యా, అమ్మా ఐతమ్మా, ఇకనుంచి ఇద్దరి పేర్లూ కలిపే రాస్తాను,

పని పోయింది అన్నచోట చదవడం ఆపి మీ అమ్మ ముఖం చూశాను. ఆమె, "ఎందుకు ఆపినావు, పిల్లనిచ్చినారా లేదా చెప్పు" అంది. మిగతాది చదివాను. ఆమె లేచి లోపలికి వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. వెళ్ళి చూస్తే పెట్టెలో చీరలన్నీ మంచం మీద పరిచి, పెండ్లికి ఏది కట్టుకోవాలో తేలక ఏడుస్తోంది. ఏ చీరైనా ఒకటేనే అన్నందుకు నన్ను బయటికి తోసింది. ఇంత సంతోషంలో తోపులు కూడా బాగానే ఉన్నాయి.

కోటీ, నీకు వేరే పని రాదని దిగులుపడకు. మీ మామ వెంకటరమణయ్య నీ ఉత్తరం విని, "నా లారీ మీద నేర్చుకున్నోడు ఆ మాట చెప్పినాడా" అని నన్ను రెండోసారి చదవమన్నాడు. ఆ పూటే పంచెలు ఇస్త్రీకి వేశాడు. ఆయన ఇస్త్రీ పంచె కట్టడం నేను ఈ మధ్య చూడలేదు.

అమ్మా ఐతమ్మా, పోస్టు డబ్బా సంగతి: కోపిష్టి అని ముందే రాసి పంపాను, చదివింది నువ్వే, కాబట్టి పూచీ నాది కాదు. పైవాళ్ళకు ఒక దొర వచ్చి తనిఖీ చేసి వెళ్ళాడని రాయి. అబద్ధం కాదు.

వానల తరువాత వాళ్ళు మళ్ళీ వస్తారన్నావు. వస్తారు. వస్తే మీరందరూ మళ్ళీ కూర్చుంటారు, అప్పటికి మావాడికీ ఆ వరసలో చోటు ఉంటుంది. కొత్తగా ఏదో చెప్పాలని వెతుక్కోవద్దు, అదే మాట మళ్ళీ చెప్పండి. నేను అక్కడ ఉంటే నా చెయ్యి కూడా లెక్కలోకి వస్తుందేమో మీ నాయనను అడిగి చెప్పు.

మే పన్నెండున బయలుదేరుతున్నాం. మస్తాన్ సీట్లు తిరిగి బిగించాడు, గడ్డి వాసన పోలేదని మీ అత్త అప్పుడే గొడవ పెట్టుకుంటోంది.

ఇంకో మాట. ఈ ఉత్తరం మడిచేస్తుంటే ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది. కోటీ, ఆ చెట్టు కింద మేకు పీకిన చోట గుంట పూడ్చావా అని అడుగుతోంది. మసక చీకట్లో పువ్వు ఏరుకునేటప్పుడు పిల్ల కాలు అందులో పడుతుందంట. ఈ ఉత్తరం చదివిన వెంటనే వెళ్ళి పూడ్చి రా.

మీ నాయన
గురుస్వామి